అత్తమ్మ గడప

మా అత్తమ్మ గడపకు చెదలు పట్టలేదు. ఈ ఒక్క మాట ఏళ్ళ తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా మీద జాలి మాత్రం పడకండి.

కొండవీడు కోట కింద రాజుల కాలం నాటి ఇల్లులా ఒక రిసార్ట్ కట్టారు. అది పాతగా కనబడాలి కదా, వాళ్ళ మనుషులు మా ఊళ్ళ మీద పడి చెక్కడాలున్న తలుపులు కొన్నారు. మా వీధి తలుపును, చిలకలు చెక్కిన టేకు గడపతో సహా, నేనే అమ్మాను. అప్పుడు అత్తమ్మ తుంటి విరిగి నరసరావుపేట ఆసుపత్రిలో ఉంది.

డబ్బు కోసం కాదు. నా భర్త పోయిన నాటి నుంచి ఆవిడ నన్ను ఆ గడప దాటనివ్వలేదు. "పొద్దున్నే అందరికీ ఎదురొస్తావేందే?" అని దొడ్డిదారిన పంపేది. పొలానికి అటే, పిల్లను బడిలో దించడానికీ అటే. మరి మామయ్య పోయాక తనూ దొడ్డిదారే పట్టాలిగా? పట్టలేదు! దర్జాగా వీధి గుమ్మంలోనే కూర్చుని, శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసుకునేది. నాకు ఒళ్ళు మండేది.

ఆసుపత్రి నుంచి వచ్చి ఆటో దిగగానే ఇనప తలుపు చూసింది.

"నా గడపేదే?"

"చెదలు పట్టింది అత్తమ్మా. పీకించి పొయ్యిలో పెట్టా."

పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. ఆవిడ గోడ పట్టుకుని, "నేను మంచాన పడ్డాక పసుపు రాసే దిక్కు లేకపాయె. నా వల్లే పోయిందే తల్లీ" అంది.

చచ్చేదాకా అదే మాట. అన్నం తినిపిస్తున్నా అదే. నేను తలూపేదాన్ని. నిజం చెప్పడానికి నోరెందుకు రాలేదు? భయమా? కాదు. ఆవిడ తనను తాను తిట్టుకుంటుంటే వినడం నాకు బాగుండేది. నా తప్పు అదీ. గడప అమ్మినందుకు మాత్రం విచారం లేదు, ఇంకోటుంటే అదీ అమ్ముతాను.

మొన్న చుట్టాల పెళ్ళివిందు ఆ రిసార్ట్‌లోనే. మా తలుపును భోజనాల హాలుకు పెట్టారు. జనం చెప్పులతో దాటిపోతున్నారు. నేనూ అలా దాటాలనే వెళ్ళాను. కాలెత్తేసరికి కనబడింది, చిలకల ముక్కుల సందుల్లో, ఎంత పాలిష్ పట్టినా పోని పసుపు.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. ఎందుకో అడగకండి. కానీ ఆ గుమ్మంలోంచే వెళ్ళాను, ఆ గుమ్మంలోంచే వచ్చాను.

అత్తమ్మా, నీ పసుపులో ఏ లోపమూ లేదు. అమ్మింది నేను.