ఎదురెండలో వాన

మొన్న గొర్రెలు మేపుతుంటే మా నాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "తాత పోయినాడు. బిరీన రా." అంతే ఉంది. తాత కూడా అంతకంటే ఎక్కువ మాటలు వాడేవాడు కాదు.

ఆయన మా జేజినాయనకు, అంటే మా నాయన వాళ్ల నాయనకు, అన్న. ముదిగుబ్బ చుట్టుపక్కల అందరికీ స్టూడియో తాత. నాకు మనుషుల ముందు మాట పెగలదు. బడి ఐదుతోనే ఆగిపోయింది. మెసేజ్‌లు కొట్టే అలవాటుతోనే ఇది రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోవద్దు.

సినిమాలకు రంగులు కొత్తగా వచ్చిన రోజుల్లో తాత ధర్మవరంలో రైలెక్కి మద్రాసు పోయాడు. ఒక స్టూడియోలో నేల ఊడ్చే పని దొరికింది. తర్వాత గేటు కాపలా. తర్వాత మేనేజరు. ఏ ఫ్లోరు ఎవరికి ఇవ్వాలి, ఏ సెట్టు ఎప్పుడు విప్పాలి, అంతా ఆయన మాటే. పొద్దున ఏడింటికి గేటు మూస్తే మూసినట్టే. ఒకసారి పెద్ద హీరో కారు బయటే నిలబడిపోయిందంట. ఓనరే వచ్చి తెరవమంటే, తాత తాళాలు ఆయన చేతిలో పెట్టి, "రేపట్నుంచి మీరే మూసుకోండి" అన్నాడంట. ఓనరు తాళాలు తిరిగిచ్చి లోపలికి పోయాడు.

"గేటుకు పెద్దోడు చిన్నోడు తెలీదప్పా, టైమొకటే తెలుసు" అనేవాడు.

స్టూడియో మూతపడ్డాక ఊరికి వచ్చేశాడు. ఆ అలవాటు మాత్రం పోలేదు. రాత్రి ఏడింటికి ఇంటి ముందు ముళ్లకంప గేటు మూసేవాడు. మా నాయన ఒకరోజు ఏడుంపావుకు పోతే, కంప అవతల నుంచే "రేపు రాప్పా" అన్నాడు. సొంత తమ్ముని కొడుకు అని కూడా చూడలేదు.

నాలుగేళ్ల కిందట వరసగా వానల్లేవు. ఊరికంతా ఒకటే బోరు మిగిలింది. కరెంటు ఉన్న రెండు గంటలూ ముందు బిందెలు, తర్వాత గొర్రెల తొట్టి. అది ఎండితే మా మంద అమ్ముకోవాల్సిందే. అట్లాంటప్పుడు మా ఊరికి షూటింగ్ వాళ్లు వచ్చారు. ఎండిన చేలో హీరో వానలో తడిసే సీనంట. బోరు నుంచి పది ట్యాంకర్లు తోడుకుంటామని, బదులుగా బడికి రంగులు వేయిస్తామని సర్పంచికి చెప్పారు. సర్పంచి సరేనన్నాడు.

సాయంత్రం మోటరు వేద్దామని వాళ్లు పోయేసరికి తాత కట్టె పట్టుకుని బోరు దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు.

"ఎన్ని ట్యాంకర్లప్పా?"

"పది కావాలి పెద్దాయనా" అన్నాడు వాళ్ల మేనేజరు.

"వానకా, వరదకా?"

జనం నవ్వారు. మేనేజరుకు కోపం వచ్చింది. "మీకు తెలీదు. గట్టిగా కురవకపోతే కెమెరాలో కనపడదు."

"లైటు యాడ పెట్టినావు?"

"హీరో ముందర."

"అట్ల పెడితే సముద్రం పోసినా కనపడదు. లైటు వానెనక ఉండాల" అన్నాడు తాత. నన్ను పిలిచాడు. "రేయ్, చెంబుతో నీళ్లు తీసుకుని పొద్దుకు అడ్డంగా ఎగరెయ్."

ఎగరేశాను. పడమటి ఎండలో ఒక్కొక్క చుక్కా నిప్పురవ్వలాగా మెరిసింది. కెమెరా ఆయన నోరు తెరిచి చూశాడు.

"ఒక చెంబు నీళ్లే ఇంత కనపడతాండాయి. నీకు ఒక ట్యాంకరు చాలు. అదీ టౌన్నుంచి తెచ్చుకో."

"సర్పంచి ఒప్పుకున్నాడండీ!"

తాత నా వైపు తిరిగాడు. "మీ గొర్రెలెన్నో చెప్పురా ఈ సారుకు."

అందరూ నన్నే చూశారు. నేను చేతిలో చెంబు వైపే చూశాను.

"నోరు తెరవనోని గొర్రెలకు నీళ్లు యాడివిరా?" అన్నాడు తాత.

"న... నలభై" అన్నాను. "తొట్టి ఎండితే అమ్మేస్తాము సార్."

జనంలో నిలబడ్డ సర్పంచి తల వంచుకున్నాడు. మేనేజరు ఫోన్ తీసి టౌనుకు చేశాడు.

మర్నాడు ఆ ఒక్క ట్యాంకరు వాన మా బుడ్డల చేను మీద, అదే వేరుశనగ చేను మీద, పడింది. సీను అయిపోగానే మా నాయన మట్టిలో వేలు గుచ్చి చూసి, "విత్తే పదును గాలే" అన్నాడు. అది సినిమా వాన అని ఆయనకు తెలుసు. అయినా చూడకుండా ఉండలేకపోయాడు. తాత అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంటికి వస్తూ తాత ఎందుకో ఆగి, మద్రాసు సంగతి ఒకటి చెప్పాడు. మద్రాసులో నీళ్లకు కరువు వచ్చిన ఏడాది లోపల వాన సీన్లు తీస్తుంటే, గేటు బయట ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడ్డారంట. ఏడు దాటింది కదా అని ఆయన తెరవలేదు.

"ఆ పొద్దు తెరిచింటే బాగుండునురా" అన్నాడు. "ఎవురూ నన్నేమీ అనేటోళ్లు గాదు. నేనే మేనేజర్ని."

ఆ పొద్దు నుంచి, కాళ్లు ఆడినంత కాలం, రోజూ కరెంటు వచ్చే వేళకు ఆ దిమ్మె మీదే కూర్చున్నాడు. బిందెల వరస తప్పనిచ్చేవాడు కాదు. మా నాయనను కూడా వెనక్కి పంపేవాడు.

తాతను మట్టి చేసి వస్తుంటే సర్పంచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంగ ఆ దిమ్మె మీద ఎవురు కూకుంటార్రా?"

జనం చాలామంది ఉన్నారు.

"నేను" అన్నాను.

సాయంత్రం కరెంటు వచ్చింది. బిందెలన్నీ అయ్యాక పైపు తొట్టిలోకి తిప్పాను. ఒక గొర్రెపిల్ల తొట్టిలో మూతి ముంచి, తల గట్టిగా విదిలించింది. దాని వెనక పొద్దు దిగుతోంది. నీటి చుక్కలన్నీ కనపడ్డాయి.