తడి మంచు బరువు

నేనుండే ఆంగ్ మో కియో నుంచి జురాంగ్ ఈస్ట్‌కు రైల్లో రెండు దారులున్నాయి. ఊరి మధ్యగా వెళితే మధ్యలో రైలు మారాలి. ఉత్తరం వైపు చుట్టి వెళితే ఆలస్యమవుతుంది కానీ ఎక్కిన చోటే కూర్చుని చివరి స్టేషన్లో దిగవచ్చు. కదిలే మెట్లంటే అక్కకు భయం కాబట్టి నేను రెండో దారి ఎంచుకున్నాను.

సింగపూర్లో కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. మా ఆఫీసులో ఆదివారం సెలవు దొరకడం కూడా గగనమే. అక్క శ్రీకాకుళం నుంచి మూడు వారాలు ఉందామని వచ్చింది. సముద్రం, పూలతోటలు, పక్షుల పార్కు చూపిద్దామనుకున్నాను. ఆమె ఏదీ అడగలేదు. ఒకరోజు మా ఇంట్లో పడి ఉన్న ప్రకటన కాగితంలో జురాంగ్ ఈస్ట్ మంచు హాలు బొమ్మ చూసి, "ఇది నిజం మంచేనా? నన్నిక్కడికి తీసుకెళ్లవే" అంది.

ఎందుకో నాకు తెలుసు. మా బావ సైన్యంలో డ్రైవరు. అంతకు రెండేళ్ల క్రితం, శివరాత్రి వెళ్లాక, కాశ్మీరు కొండల్లో ఒక శిబిరంలో పోయాడు. మంచు మీద వాన పడిందనీ, ఆ బరువుకు షెడ్డు కప్పు కూలిందనీ, నిద్రలోనే పోయాడనీ శవపేటికతో వచ్చిన ఆఫీసరు చెప్పాడు. పేటిక తెరవనివ్వలేదు. ఆ తర్వాత వీధిలో వేరే మాట పుట్టింది. తుపాకీతో తనను తానే కాల్చుకున్నాడనీ, అందుకే ముఖం చూపించలేదనీ. ఆ మాట ఎనిమిదో తరగతి చదివే అక్క కూతురు రమ చెవిలో కూడా పడింది.

అక్క ఆఫీసరు మాట నమ్మలేకపోయింది. బావ సెలవులకు వచ్చినప్పుడు గోధుమపిండి అరచేతిలో పోసి, ఉఫ్‌మని ఊది, మంచంటే ఇంతేనని రమకు చూపించేవాడు. అంత తేలికైనది కప్పును ఎలా కూలుస్తుంది? వాన పడితే కరిగిపోవాలి గానీ బరువెలా పెరుగుతుంది? అక్క ప్రశ్నలు ఈ రెండే. ఎవరిని అడగాలో తెలియక రెండేళ్లు మనసులోనే పెట్టుకుంది.

ఉదయం తొమ్మిది గంటలకు రైలెక్కాం. మా బ్లాకులో ఉండే అప్పారావు అంకుల్ అదే పెట్టెలో కనిపించారు. ఆయన తాతగారు విశాఖ తీరం నుంచి ఓడలో వచ్చినవారు. అంకుల్ క్రాంజీలో ఒక కూరగాయల తోటలో పని చేస్తారు.

"మాకన్ అయిందా అమ్మా?" అని తిండి సంగతి అడిగి, ఎక్కడికని ఆరా తీశారు. చెప్పాను. "అక్కడేముంది, ఐసు. చిన్న పిల్లలు ఆడుకునే చోటు," అన్నారాయన.

"నేను ఆడుకోడానికి కాదు బాబూ," అంది అక్క. "మా ఆయన మంచులో పోయాడు."

క్రాంజీలో దిగే ముందు అంకుల్, "చేతులకు గ్లవ్స్ కొనుక్కోండి. కోటు, బూట్లు వాళ్లే ఇస్తారు," అని చెప్పారు.

మంచు హాలు స్టేషన్ నుంచి నడిచే దూరమే. చీర మీదే కోటు తొడిగి, బూట్లు వేసి అక్కను లోపలికి తీసుకెళ్లాను. గంటసేపు ఉండనిస్తారు. పిల్లలు ట్యూబుల మీద జారుతున్నారు. అక్క ఒక మూలకు వెళ్లి, గ్లవ్స్ తీసేసి, దోసిట్లోకి మంచు తీసుకుంది. ముద్ద చేయబోయింది. అది వేళ్ల సందుల్లోంచి పొడిగా రాలిపోయింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ రాలిపోయింది.

"పిండేనే," అంది. ఆమె ముఖం పాలిపోయింది. "ఆయన చెప్పినట్టే ఉంది. ఇది మనిషినేటి చంపుద్ది?"

తీసుకొచ్చి తప్పు చేశానేమో అనిపించింది. అక్కడ పనిచేసే ఒక చైనీస్ అమ్మాయి దగ్గరికి వచ్చి, ఆంటీకి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నేను దాచకుండా అంతా చెప్పాను. ఆమె మమ్మల్ని పక్క తలుపు నుంచి బయటి వసారాలోకి తీసుకెళ్లింది. లోపల గీకి తీసిన పాత మంచు అక్కడ కుప్ప పోసి ఉంది. బయటి వేడికి కరగడం మొదలై, బూడిద రంగుకు తిరిగింది.

ఆ అమ్మాయి అడుగున చిల్లులున్న రెండు బుట్టలు తెచ్చింది. ఒకదాని నిండా లోపలి పొడి మంచు, రెండోదాని నిండా ఈ తడి మంచు నింపింది. "దిస్ వన్ వెట్ స్నో, ఆంటీ. వెరీ హెవీ, లా," అంది, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర లా చేర్చి.

అక్క మొదటి బుట్ట ఒంటి చేత్తో లేపింది. రెండోది రెండు చేతులతో పట్టుకున్నా నేల నుంచి జానెడు కూడా లేవలేదు.

తర్వాత ఆ అమ్మాయి చెంబెడు నీళ్లు పొడి మంచు మీద పోసింది. మంచు కాస్త కుంగింది గానీ, చిల్లుల్లోంచి చుక్క కూడా కారలేదు. నీళ్లన్నీ దూదిలో ఇంకినట్టు లోపలే ఉండిపోయాయి. తను జపాన్‌లో చదువుకున్నాననీ, చలికాలం చివర్లో మంచు మీద వాన పడితే అక్కడివాళ్లు కప్పులెక్కి పారలతో తోసేస్తారనీ, తోయకపోతే ఇళ్లు కూలతాయనీ చెప్పింది. నేను అక్కకు తెలుగులో చెప్పాను.

అక్క బుట్ట ముందు కూలబడింది. తడి మంచు ముద్ద చేసింది. ఈసారి అది రాయిలా నిలిచింది. వేళ్లు ఎర్రబడ్డా వదల్లేదు.

"ఆ ఆఫీసరు అబద్ధం చెప్పలేదే," అంది చివరికి.

అప్పుడు ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆ అమ్మాయి వేడినీళ్లు తెచ్చి పక్కనే నిలబడింది. మా గంట ఎప్పుడో అయిపోయినా ఎవరూ వెళ్లమనలేదు.

మధ్యాహ్నం స్టేషన్ దగ్గర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో పెరుగన్నం దొరికింది. అక్క సగం తిని, నా ఫోను అడిగి, హాస్టల్లో ఉన్న రమతో మాట్లాడింది.

"మీ నాన్న నిద్దట్లోనే పోయారమ్మా. కప్పు కూలింది. తడి మంచు ఎంత బరువో నా చేత్తో లేపి చూశాను. ఎవరేటన్నా ఇదే చెప్పు."

అవతల రమ ఏదో అడిగింది. "కాదమ్మా," అంది అక్క. "తనకు తాను కాదు." ఆ మాట మూడుసార్లు చెప్పింది, ఒక్కోసారి ఇంకొంచెం నెమ్మదిగా.

తిరుగు రైలు దాదాపు ఖాళీగా ఉంది. అక్క నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఈ దేశానికి వచ్చాక ఆమె పగలు కునుకు తీయడం అదే మొదలు. మంచు చూడాలని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. లోపలి తెల్ల మంచు మీకు హాలువాళ్లే చూపిస్తారు. కరుగుతున్న మంచును మాత్రం మీరే అడిగి, ఒకసారి చేత్తో లేపి చూడండి. మా స్టేషన్ ఆంగ్ మో కియో వచ్చినా అక్కను లేపబుద్ధి కాలేదు. రైలు ముందుకే వెళ్లింది.