ఎర్రమెట్ట మీద చూడామణి టీచర్

చూడామణి టీచర్‌కి ఒకే ఒక్క పిచ్చి. మనుషులు ఖాళీ చేసి నాలుగు వేల ఏళ్ళయిన ఇల్లయినా సరే, గుమ్మంలో ఆగి పిలవకుండా ఎవర్నీ లోపలికి అడుగు పెట్టనివ్వదు.

నెల్లిమర్ల అవతల, చంపావతి ఏటి ఒడ్డునున్న ఎర్రమెట్ట వాలులో అక్కడక్కడ రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉంటాయి. రాతి గొడ్డళ్ళు నూరుకున్న కాలంవాళ్ళ గుడిసెల పునాదులవి. వాటిని మేకపిల్ల కూడా గెంతేస్తుంది. అయినా రెండేళ్ళ కిందట రిటైరైన దగ్గర్నుంచీ టీచర్ రోజూ గొడుగేసుకుని మెట్టెక్కి కాపలా. ఎవరొచ్చినా చెప్పులు విప్పాలి, ప్రతి గుండ్రం ముందూ ఆగి "ఇంట్లో ఎవరున్నారమ్మా?" అనాలి. ఒకసారి కాలేజీ బస్సు దిగిన నలభై మంది చేత ఇరవై మూడు ఇళ్ళ ముందూ పిలిపించింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్కడి గొంతూ లేవలేదట.

ఆవిడ దగ్గర చదువుకున్న శైలజ ఇప్పుడు సర్వేయరు. మొన్న వేసవిలో క్వారీకి దరఖాస్తు పెట్టిన ఉపేంద్రతో కలిసి మెట్టెక్కింది. "రాళ్ళు తప్ప ఏమీ లేవని రాసెయ్" అని పైఅధికారుల నుంచి ఫోను. టీచర్ మొహం ఎలా చూడాలా అని శైలజకి దారంతా గుబులే.

"చెప్పులు!" అంది టీచర్.

"రాళ్ళ ముందు సెప్పులేటి టీచరమ్మా? ఇక్కడెవులున్నారని?" అన్నాడు ఉపేంద్ర.

"ఒరే, మీ అత్తోరింట్లో ఎవులూ నేకపోతే తిన్నగా వంటింట్లోకి దూరిపోతావేట్రా?"

ఉపేంద్ర కూడా ఆవిడ శిష్యుడే. చెప్పులు విప్పి, కాలిన బండ మీద గెంతుతూ నాలుగిళ్ళు పిలిచాడు. అయిదో ఇంటి దగ్గర తిరగబడ్డాడు.

"రేపు జేసీబీ వచ్చి పిలుస్తాది, అప్పుడు పలుకుతారు మీవోళ్ళు!"

"రమ్మను. దాని చెప్పులూ విప్పిస్తాను."

వాలు చివర ఒక తాటాకు గుడిసె ఉంది. "ఇదైతే పాతది కాదు గదా! ముందు దీన్ని పీకించాల" అంటూ ఉపేంద్ర తలుపు తోసేశాడు. లోపల అంబలి తాగుతున్న ముసలావిడ, జగ్గమ్మ, కంగారుగా పమిట సర్దుకుంటూ లేచింది.

టీచర్ గొడుగు మూసి గుమ్మానికి అడ్డం పెట్టింది. "బయటికి రా" అంది. అరవలేదు. ఉపేంద్ర వచ్చేశాడు.

"శైలజా, రెండేళ్ళ కిందట ఏరు పొంగి జగ్గమ్మ ఇల్లు కొట్టుకుపోయింది. ఇక్కడికెక్కింది. రాళ్ళు చూడ్డానికొచ్చినవాళ్ళు ఇదీ చూసే వస్తువే అనుకుని తిన్నగా లోపలికొచ్చి, కుండలు ముట్టుకుని, ఫొటోలు తీసేవారు. ఈ ఒక్క గుమ్మం దగ్గరే పిలవమంటే ఆవిడకి చిన్నతనం కదమ్మా. అందుకే ఇక్కడి ఇళ్ళన్నిటికీ ఒకటే రూలు పెట్టాను."

శైలజ సంచీలోంచి రిపోర్టు కాయితం తీసింది. బండ మీద కూర్చుని రాసింది: పాత ఇళ్ళు ఇరవై మూడు, కాపురమున్న ఇల్లు ఒకటి, ఇక్కడ తవ్వకం కూడదు.

"పైవాళ్ళకేటి సెప్తావు?" అన్నాడు ఉపేంద్ర.

"ఎక్కి చూసుకోమంటాను."

ఎవరూ ఎక్కలేదు. ఫైలు ఆగిపోయింది.

ఆ రోజు మాత్రం జగ్గమ్మ ఉపేంద్రకి కూడా గ్లాసుడు అంబలి ఇచ్చి, చుట్టూ ఉన్న గుండ్రాల వేపు చెయ్యి చూపించింది.

"ఇలాటి ఇరుగుపొరుగు ఏ ఊళ్ళో దొరుకుతాది బాబూ? రెండేళ్ళయినాది, ఒక్క తగువు నేదు."