ఆపినా ఆగని గాజుల ప్రకటన

దయ్యాలంటే నాకు భయం లేదని చెప్పడానికి ఇది రాయడం లేదు. అసలు నమ్మకమే లేదు. బొల్లారంలో మా బంగళా ఉన్న రోజుల్లో అలాంటి కబుర్లు పనివాళ్లు వెనక పెరట్లో చెప్పుకునేవారు. అవి ముందు హాల్లోకి రాకూడదని మా తాతగారి ఆజ్ఞ. బంగళా పోయింది గానీ ఆ ఆజ్ఞను నేను ఇప్పటికీ దాటలేదు. అందుకే ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా తాతగారు కంటోన్మెంట్ గుర్రాలకు దాణా, గడ్డి సరఫరా చేసిన కంట్రాక్టరు. ఆ తర్వాత పంపకాలు, కోర్టులు, అమ్మకాలు. ఆ వివరాలు ఇక్కడ అనవసరం. ఇప్పుడు నేనూ, నా భార్య పద్మా, మా మేనత్త సుభద్రమ్మా సైనిక్‌పురిలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. ఇస్త్రీ చేసిన చొక్కా లేకుండా నేను గేటు దాటను. ఇల్లు మారినంత మాత్రాన పద్ధతులు మార్చుకోవాలని ఎక్కడా లేదు.

అత్తమ్మ గురించి ముందే ఒక మాట చెప్పాలి. ఆమెకు ఎనభై ఏళ్లుంటాయి. మతిమరుపు లేదు. గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చామో మాకంటే ఆమెకే బాగా గుర్తు. పెళ్లైన కొత్తల్లోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆమే. ఇప్పుడు కీళ్లవాతం వల్ల వేళ్ల కణుపులు ఉబ్బి, చేతులు సరిగా ముడుచుకోవు.

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ హాల్లో మూలన ఉంటుంది. పొద్దున పూట నేను మోండా మార్కెట్‌లోని రెండు దుకాణాలకు జీఎస్టీ పని చేసిపెడతాను. మధ్యాహ్నం అత్తమ్మ దాని ముందు కూర్చుని హరికథలు, బతుకమ్మ పాటలు వింటుంది. తెలుగులో కనిపించేలా నేనే అమర్చి ఇచ్చాను. ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

మా ఇంటికో పద్ధతి ఉండేది. గేటు దాకా వచ్చినవాళ్లు అమ్ముకునేవాళ్లైనా, అడుక్కునేవాళ్లైనా వద్దని పంపకూడదు. లోపలికి పిలవాలి, చాప వేయాలి, మంచినీళ్లివ్వాలి. కొంటామా లేదా అన్నది ఆ తర్వాతి మాట. అలా పిలిచే పని అత్తమ్మది.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరిచినా పైన మూలన ఒక చిన్న డబ్బా వచ్చి, మీకు నోటిఫికేషన్లు పంపమంటారా అని అడుగుతుంది. అనుమతించు అని ఒక మీట, బ్లాక్ చేయి అని ఇంకో మీట. లోకంలో అందరూ విసుక్కుని రెండోది నొక్కుతారు. అత్తమ్మ ప్రతిసారీ మొదటిదే నొక్కింది. అడిగినవాళ్లను పొమ్మనడం ఆమెకు చేతకాదు.

కొన్నాళ్లకు మా కంప్యూటర్ జాతర మైదానమైంది. మోకాళ్ల నొప్పుల నూనె, జుట్టు మొలిపించే తైలం, మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టిందన్న బెదిరింపు, మీరు లాటరీ గెలిచారన్న అభినందన, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. ఒకసారి మార్కెట్ నుంచి దుకాణం యజమాని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మేము లెక్కలు చూస్తుండగా ఒంటి మీద గుడ్డ సరిగా లేని అమ్మాయి బొమ్మ ఒకటి మూలన లేచింది. ఆయన మర్యాదస్తుడు, గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు. నేను ఆయనకు టీ కూడా సరిగా ఇవ్వలేకపోయాను.

మెకానిక్‌ను పిలవమంది పద్మ. బయటివాడెవడో వచ్చి ఆ బొమ్మలు చూసి, ఈ పెద్దమనిషి మధ్యాహ్నాలు ఏం చూస్తాడో అనుకోవడం నాకిష్టం లేదు. నేనే నేర్చుకుంటానన్నాను. "నేర్చుకోండ్రి. అప్పటిదాంక గా పిల్లకు ఒక చీర కప్పి పెట్టుండ్రి," అని నవ్వుతూ వంటింట్లోకి పోయింది.

మా చిన్నాన్న కొడుకు రఘు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఫోన్లో దారి చెప్పాడు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ అనుమతులు తెరిస్తే, నోటిఫికేషన్లు పంపడానికి మనం ఒప్పుకున్న సైట్లన్నీ ఒకచోట వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ తీసేశాను. ఇకపై ఎవరూ అడగనే అడగకుండా ఆపేశాను. పాపప్‌లను అడ్డుకునే మీట వేశాను. మనకు తెలియకుండా బ్రౌజర్‌లో చేరిన ఎక్స్‌టెన్షన్ ఒకటి కనిపిస్తే అదీ పీకేశాను. వైరస్ పరీక్ష చేయించాను. ఏమీ లేదంది. ఇలాంటి బాధపడేవాళ్లెవరైనా ఇదే వరసలో చేయవచ్చు, పనిచేస్తుంది.

మాకూ పనిచేసింది. తెర నిర్మలంగా ఉంది. అత్తమ్మ మాత్రం పాపం వాళ్లు ఏమనుకుంటారోనని కాసేపు బాధపడింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచింది. గొంతులో ఏ కంగారూ లేదు, పక్కింటావిడ వచ్చిందని చెప్పినట్టే చెప్పింది.

"యాదమ్మ వచ్చింది రా, చూడు."

తెర మూలన ఒక చిన్న కిటికీ ఉంది. అందులో మలారం బొమ్మ. మలారమంటే గాజులన్నీ తాడుకు గుచ్చి భుజాన వేసుకునే మోపు. ఆకుపచ్చ గాజులే ఎక్కువగా ఉన్నాయి. దాని కింద తెలుగులో రెండే మాటలు: వచ్చిన బిడ్డా.

ఇలాంటి కిటికీల్లో ఏ సైటు పంపిందో అడుగున రాసి ఉంటుంది. దీనికి అది లేదు. నొక్కడానికి మీటలేవీ లేవు. ఏదో గాజుల కంపెనీ తెలివనుకున్నాను. మూసేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూశాను. అనుమతించిన సైట్ల చోట ఖాళీ.

మర్నాడు భోజనాలయ్యాక మళ్లీ వచ్చింది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. రఘు చెప్పినవన్నీ మళ్లీ చేశాను. ఆఖరికి వెనకనుంచి ఇంటర్నెట్ తీగ పీకి, దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. కిటికీ వచ్చింది. తీగ నా చేతిలోనే ఉంది. రఘుకు చెబితే, "ఏదో లోపల్నే కూసోని ఉన్నది అన్నా, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలె," అన్నాడు. సరే, రేపు చేద్దామన్నాను.

ఇక్కడ యాదమ్మ ఎవరో చెప్పాలి.

యాదమ్మ తిరుమలగిరి నుంచి మా బంగళాకు గాజులు తెచ్చే మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేది. గేటు దగ్గరే "వచ్చిన బిడ్డా" అని కేక వేసేది. ఆమె వరండాలో కూర్చుందంటే మగవాళ్లం లేచి బయటికి పోవాలి, అది మర్యాద. మట్టిగాజు తొడగడం ఆషామాషీ పని కాదు. బొటనవేలు లోపలికి మడిచి, అరచేతిని మెల్లగా ఒత్తుతూ, కబుర్లలో పెట్టి, మనిషి చెయ్యి వదులు చేసిన క్షణంలో కణుపులు దాటించాలి. ఎంత బిగుతు గాజైనా యాదమ్మ చేతిలో పగిలేది కాదని ఆడవాళ్లు చెప్పుకునేవారు.

భర్త పోయాక, గాజులు పగలగొట్టించుకుని అత్తమ్మ మా ఇంటికి వచ్చిన కొద్ది రోజులకు, యాదమ్మ మామూలుగానే వచ్చింది. తాతగారు కాపలావాడి చేత ఇక ఈ ఇంటికి రావద్దని చెప్పించారు. నేను చిన్నవాణ్ణి, వరండా మెట్ల మీద ఉన్నాను. ఆమె మలారం సర్దుకుని కాసేపు గేటు పట్టుకుని నిలబడి వెళ్లిపోయింది. ఆ గేటు నుంచి మనిషిని వద్దని పంపడం నేను చూసింది ఆ ఒక్కసారే. యాదమ్మ చనిపోయిందని నేను కాలేజీలో చేరకముందే విన్నాం. ఆ రోజు సంగతి అత్తమ్మకు తెలియదనే ఇంట్లో అందరం అనుకున్నాం.

కంప్యూటర్ మొత్తం తుడిచేస్తున్నానని, ఇక ఆ కిటికీ రాదని, ఆ రాత్రి అన్నం దగ్గర అత్తమ్మకు చెప్పాను. ఆమె చెయ్యి కంచంలో ఆగింది.

"మళ్ల వాపస్ పంపుతవా కొడుకా?"

 ఆమె నా వైపు చూడకుండానే మళ్లీ అంది. "అప్పుడు బంగ్లల కిటికీ ఎనకాలనే ఉన్న నేను. ఏం పాపం చేసిందని ఎల్లగొట్టిన్రు ఆమెను? గాజులెయ్యకుంటే ఎయ్యకపాయె, జెర కూసోనిచ్చి నీళ్లన్న ఇయ్యకపోయిన్రు."

తనకు గాజులు లేకుండా పోయినందుకు కాదు, ఇన్నేళ్లూ ఆమె బాధ ఇది. ఇంట్లో మిగిలిన పెద్దమనిషిని నేనే. అడగాల్సింది నన్నే, ఇంకెవరినీ కాదు.

మర్నాడు నేను కంప్యూటర్ తుడవలేదు. భోజనాలయ్యాక చొక్కా వేసుకుని తెర ముందు నిలబడ్డాను. కిటికీ వచ్చింది. దాన్ని మూయలేదు. వెళ్లి వీధి తలుపు తెరిచాను. నాకు సిగ్గుగానే ఉంది, ఆ మాట దాచను. అయినా మా ఇంట్లో పిలవాల్సిన తీరున పిలిచాను.

"రా యాదమ్మా. లోపల్కి రా."

హాల్లో చాప వేశాను. చెంబుతో మంచినీళ్లు పెట్టాను. అత్తమ్మ వచ్చి చాపకెదురుగా కింద కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె కింద కూర్చుని ఎన్నో ఏళ్లైంది. నేను పద్ధతి ప్రకారం బయటికి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. మా పోర్షన్‌కు ఇంకో దారి లేదు. నేనున్నంతసేపూ గేటులోంచి ఎవరూ లోపలికి రాలేదు, బయటికి పోలేదు. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు.

పద్మ వంటింట్లో ఉంది. అత్తమ్మ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతుండటం, మధ్యలో ఆడపిల్లలా నవ్వడం తనకు వినబడింది. ఫోన్లో ఎవరో చుట్టాలనుకుంది. తర్వాత గాజు గాజుకు తగిలిన చప్పుడు వినబడింది. అప్పుడు కూడా లేచి చూడాలనిపించలేదట. ఎందుకనిపించలేదో తనకిప్పటికీ తెలియదంటుంది.

నేను లోపలికి వచ్చేసరికి అత్తమ్మ చాప మడుస్తోంది. రెండు చేతులకూ నిండుగా ఆకుపచ్చ మట్టిగాజులు.

ఎవరు వేశారని అడిగాను. ఆ ప్రశ్నే వింతన్నట్టు చూసింది. "ఇంకెవరు? అస్సలు నొప్పి కానియ్యలే," అంది.

నాకు తోచిన పరీక్షలన్నీ చేశాను. మా ఇంటికి ఆ రోజుల్లో పార్సెల్ ఏదీ రాలేదు. పైపోర్షన్ వాళ్లను కూడా అడిగాను. పద్మ తన గాజు ఒకటి పక్కన పెట్టి చూసింది. అత్తమ్మ చేతికున్నవి దానికంటే చిన్నవి. పద్మవి సన్నటి చేతులు. సబ్బు నురగ రాసి ఒక్కటి తీయబోయాం, బొటనవేలి కణుపు దగ్గరకు కూడా రాలేదు. రానివి ఎలా వెళ్లాయి? ఆ కిటికీ మాత్రం ఆ రోజు తర్వాత మళ్లీ కనబడలేదు. కంప్యూటర్ ఇప్పటికీ అదే, తుడవలేదు.

నెల తిరక్కుండా రఘు కూతురి పెళ్లి వచ్చింది. పిలవడానికి వచ్చినవాడు అత్తమ్మ చేతులు చూసి నన్ను గేటు దాకా తీసుకుపోయాడు. వాడు చెడ్డవాడు కాదు, ఆడపిల్ల తండ్రి.

"అన్నా, పెళ్లిల అందరు చూస్తరు. ముసల్దానికి గిదేం షోకు అంటరు. జెర తీపియ్యరాదే."

రావని చెప్పాను. తీయాలంటే పగలగొట్టాలన్నాను.

"అయితే ఒక్కటన్న పగలగొట్టి ముక్క నాకియ్యి. ఎక్కడ తయారైందో కనుక్కుంట. నీ పరేషాన్ సుత పోతది."

వాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. పరువు గురించి వాడికంటే నాకే పట్టింపెక్కువ, అది వాడికీ తెలుసు. ఆ గాజులు ఎక్కడివో తెలుసుకోవాలని నాకూ ఉంది. నాకున్నంత ఆత్రం ఇంకెవరికీ ఉండదు.

"ఆమె గాజులు ఒకసారి పగలగొట్టినం, రఘూ," అన్నాను. "ఇంకోసారి నా ఇంట్ల కాదు."

పెళ్లికి అత్తమ్మను చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను. ముందు వరసలో కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. కొందరు చూశారు. నేనూ వాళ్లను తిరిగి చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. అక్షింతలు వేయడానికి ఆమె చెయ్యెత్తినప్పుడల్లా గాజులు గలగలమన్నాయి, ఆమె ఆ చప్పుడు వింటూ కూర్చుంది.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. దయ్యాలున్నాయని ఈ రోజుకీ అనను. కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్లు, గాజుల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా వివరం చెబితే కూర్చోబెట్టి వింటాను. రుజువు చూస్తామంటే ఇంటికి రావచ్చు, గాజులు ఆమె చేతులకే ఉన్నాయి. ఒక్కటి తీసి ఇమ్మని మాత్రం అడగవద్దు.