ఉప్పుచేపల గంపలో కేసెట్

మొన్న రాజాంలో మా నూకరాజు బావ ఇంటికి వెళ్తే, అటక మీది రేకుపెట్టె దించి, అందులోంచి పాత వీడియోగేమ్ కేసెట్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పాత అలవాటు కొద్దీ ఊదుదామని నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, ఎండుచేపల వాసన గుప్పుమంది.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. వాళ్ళ నాన్నది నెల్లిమర్లలో మిల్లు ఉద్యోగం, మాది సముద్రం ఒడ్డున చేపల ఇల్లు. జీడిపళ్ళ వగరు నాలిక మీద ఆరని ఎండాకాలం సెలవుల్లో, తాటిముంజెల నీళ్ళు మోచేతుల దాకా కారుతుండగా, బావ ఆ ఆట సంచిలో వేసుకుని మా ఇంట్లో దిగేవాడు. జపాన్ బొమ్మల సీరియల్ వీరులు కొట్టుకునే ఆట అది. తెర మీది అక్షరాలు ఒక్కటీ తెలియకపోవడంతో, జుట్టు విరబోసుకుని ఊగే వీరుడికి, గంగమ్మ పండక్కి పూనకం వచ్చే మా ఊరి దాసుణ్ణి తలచుకుని, దాసుడనే పేరు పెట్టాం.

టీవీ మాది, కరెంటు మాది, కూర్చునే చాప కూడా మాదే. ఎవరు ఆడాలో చెప్పేది మాత్రం బావ. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే అదే. దాసుడు ఎప్పుడూ అతనికే, నాకు మిగిలేది పరిగెత్తలేని పొట్టివాడు. దాసుడి చేతుల్లోంచి నిప్పుముద్ద రావాలంటే ఏ మీటలు నొక్కాలో బావ ఒక్కడికే తెలుసు, నొక్కేటప్పుడు రిమోటు మీద తుండు కప్పుకునేవాడు.

"బావా, ఆ దెబ్బెలా కొడతన్నావో సెప్పవా?"

"సెప్తే నీకూ నాకూ తేడా ఏటుంటాదిరా?"

ఆ రోజు వాకిట్లో చేపలకు ఉప్పు పట్టిస్తున్న మా అమ్మ కూడా, "సూడు, మా అల్లుడెంత బాగా ఆడతన్నాడో!" అంది.

మర్నాడు బావ స్నానానికి వెళ్ళగానే కేసెట్ తీసి అమ్మ ఉప్పుచేపల గంప అడుక్కి తోసేశాను. ఉప్పులో ఉన్నది చెడదని మా ఇళ్ళలో నమ్మకం. చేపే నెలల తరబడి నిలిచినప్పుడు కేసెట్‌కి ఏమవుతుంది? రెండు రోజులు ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నాను. ఆ రెండు రోజులూ ఊరి పిల్లగుంటలంతా చుట్టూ చేరి బావనే ఓదారిస్తే, దానికీ కుళ్ళుకున్నాను.

మూడోనాడు గుట్టుగా తీసి, తుడిచి, అతని సంచిలో పెట్టేసరికి లోపలి రాగిపళ్ళు పచ్చగా చిలుము పట్టాయి. ఊదాం, రుద్దాం, ఎండలో పెట్టాం, తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. బావ కేసెట్ వాసన చూశాడు, నా వైపు ఒక్కసారి చూశాడు, ఏమీ అనకుండా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. తరువాతి ఎండాకాలాలు అతను లేకుండానే గడిచాయి. టీవీ ముందు చాప మీద నేనొక్కణ్ణే, నా ఇష్టం వచ్చినంత సేపు.

ఇప్పుడు చేపలు ఆరేసిన ఆ ఇసుక కెరటాల పాలయింది, ఆ లావుపాటి టీవీ ఎప్పుడో పోయింది, ఆ ఆట మా అమ్మాయి ఫోన్‌లో ఉంది.

"నీకు అప్పుడే తెలుసా బావా?" అన్నాను, చేతిలోని కేసెట్ మీంచి తల ఎత్తకుండా.

"వాసన తెల్దేటిరా? సెప్తే మావ నీ వీపు సీరేసీవోడు. అందుకే ఊరుకున్నాను."

నా అరచెయ్యి లాక్కుని, వేలితో నిప్పుముద్ద మీటలు ఒక్కొక్కటే నొక్కి చూపించాడు. ఇన్నేళ్ళూ నన్ను కాపాడినవాణ్ణి చూస్తే కళ్ళు చెమర్చాలి. నాకు మాత్రం, ఇందులోనూ వీడే గెలిచాడని కుళ్ళు పుట్టింది.