ఎలుకకు పట్టిన మందు

నమ్మకం అనేది నా ఒంట్లో పుట్టినప్పటి నుంచీ లేదు. తమిళనాడులో మా ఊరు కోవిల్పట్టి బజారులో పల్లీమిఠాయి కొన్నా, ఒక ముక్క విరిచి వాసన చూసి గాని నోట్లో పెట్టుకోను. అలాంటిదాన్ని, మా నాయన చెయ్యి ఉన్నట్టుండి వణుకు మానేస్తే ఎలా ఊరుకుంటాను?

నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల్ని చట్రంలో పేర్చేవాడు. పార్కిన్సన్స్ జబ్బు వచ్చి చెయ్యి వణకడం మొదలయ్యాక పుల్లలు రాలిపోయేవి. ఆసుపత్రి మాత్రలు వేసుకుంటే వాంతులు. మానేశాడు. ఊరి చివర నాటువైద్యుడు ఒకాయన ఇచ్చిన పొడి పాలలో కలుపుకు తాగాక మళ్ళీ చట్రం ముందు కూర్చోగలిగాడు. ఆ పని పోతే మనిషి బతకడని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఆ పొడిలో ఇంగిలీసు మాత్రలు నూరి కలిపుంటాడు," అన్నాను.

"నీకి ఊరందరి మీదా సందేగమే. సుమ్మా ఊరికే ఉండు పాపా, చెయ్యి నిలిచింది కదా," అన్నాడు నాయన.

నిలిచిందనే కదా నా అనుమానం!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నేను విరుదునగర్ దగ్గర ఒక కాలేజీలో ఫార్మసీ చదువుతున్నాను. మా సారు ఎలుకల మీద మూలికలు పరీక్షించేవారు. ఒక సూదిమందు వేస్తే ఎలుక బిగుసుకుపోతుంది. దాని ముందుకాళ్ళు ఒక కమ్మీ మీద పెడితే, మామూలు ఎలుకలా దిగిపోకుండా అలాగే ఉండిపోతుంది. మూలిక పనిచేస్తే దిగుతుంది. సారును అడిగి వైద్యుడి పొడి పెట్టి చూశాను. ఎలుక దిగింది. నా అనుమానం రెట్టింపయింది.

సారు నవ్వి, అది దూలగొండి గింజల పొడి అయి ఉంటుందనీ, ఆసుపత్రి మాత్రలో ఉండే మందు ఆ గింజలో పుట్టుకతోనే ఉంటుందనీ చెప్పారు. ఆయన మాట మాత్రం ఎందుకు నమ్మాలి? గింజలు నేనే కొని, నేనే దంచి, నేనే ఎలుకకు పెట్టాను. దిగింది.

సరే, గింజ నిజం. వైద్యుడు నిజమని ఎవరు చెప్పారు? ఇవాళ కలపని మాత్ర రేపు కలపడా? అదే అంగడిలో ఇంకొన్ని గింజలు కొని ఇంటికి పంపి, ఎలుకకు పెట్టి చూశాననీ, పొడి చేసి పాలలో ఇవ్వమనీ, ఆ వైద్యుడి గడప తొక్కొద్దనీ అమ్మకు గట్టిగా చెప్పాను.

నాయన చెయ్యి మళ్ళీ వణికింది. అంగడివాడు నాకు మంచివి చూపించి పుచ్చువి కట్టాడా? నాయన నా మీద కోపంతో పాలు పారబోస్తున్నాడా? వైద్యుడు అమ్మను భయపెట్టాడా? నేనిలా ఒక్కొక్కరినే అనుమానిస్తుండగా, ఫ్యాక్టరీలో నాయనను చట్రం దగ్గర నుంచి లేపేశారు.

సెలవుకు ఇంటికి పోతే, పెరట్లో అమ్మ కుండ వంచుతోంది. నల్లటి నీళ్ళు కాలవలోకి పోతున్నాయి.

"ఏందిమా అది?"

"నాయన గింజలే. నీళ్ళు తెల్లగా దిగేదాకా ఉడకేసి వంచాల. ఆమీద ఎండబెట్టి దంచేది."

"ఎవరు చెప్పినారు నీకి?"

"ఒకరు చెప్పేదేముండాది? కరువు కాలంలో మా అవ్వ అట్లనే వండింది. విషపు గింజ కదా! పచ్చిగా ఎవరన్నా మనిసికి పెడతారా?"

 మందంతా ఆ నల్లనీళ్ళలోనే ఉంది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? అమ్మ దంచిన పొడిని కాలేజీకి పట్టుకెళ్ళి ఎలుకకు పెట్టాను. కమ్మీ మీద నుంచి కదల్లేదు. దాని ముందు కూర్చుని భోరున ఏడ్చాను. ఎలుకలకు మందు పెట్టి, కన్నతండ్రికి పిప్పి తాగించాం.

మళ్ళీ వైద్యుడి దగ్గరికే వెళ్ళాను. గింజలు ఎలా శుద్ధి చేస్తారని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి పొట్లం చేతిలో పెట్టి లోపలికి పోయాడు. అందులో ఏముందో నాకు ఈనాటికీ పూర్తిగా తెలియదు. ఫ్యాక్టరీలో నాయన చట్రం ముందు అప్పటికే వేరే మనిషి కూర్చున్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఇంటికొచ్చి, పొడి పాలలో కలిపి ఇచ్చాను. నాయన గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. పాలు తొణికి చొక్కా మీద పడ్డాయి. తాగకుండా నా మొహంలోకి చూశాడు.

"ఎలికికి పెట్టి చూసినావా, పాపా?"

వేళాకోళమేమో, నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నా జవాబు కోసం ఆగాడు.