అక్క ఏడుపుకు మార్కులు

బ్లాగు అంటే ఏమిటని మా నాయన ఒకసారి అడిగాడు. గోడ మీద మనకు తోచింది రాసుకోవడం లాంటిదని చెప్పాను. "ఎవురి గోడ?" అన్నాడు. "మన గోడే" అన్నాను. "అట్లయితే సరేలే. ఇంకొకరి గోడ మీద రాస్తే నువ్వే సున్నం కొట్టియ్యాల" అని బీడీ వెలిగించుకున్నాడు. ముసలాయనకు ఏం తెలుసులే అనుకున్నాను. ఎనిమిదేళ్ళు రాసి, ఆపేసి, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నేను రాసిందంతా పరాయి గోడల మీదే.

తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తాని నేను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీలు టైపు చేస్తాను. తెలుగు టైపు చేతికి అలవాటైంది కాబట్టి మధ్యాహ్నం క్యారియర్ తిన్నాక మిగిలిన అరగంటలో బ్లాగు మొదలుపెట్టాను. మొదట్లో మర్యాదస్తుడిలాగే రాశాను. వాన గురించి, కొండ మీద దిగిన మబ్బు గురించి, చిన్నప్పుడు తిన్న సీతాఫలాల గురించి. చదివే దిక్కు లేదు. దారి తప్పి వచ్చిన ఇద్దరు ముగ్గురు మాత్రం, పెళ్ళి భోజనంలో ఉప్పు తక్కువైన పప్పును మెచ్చుకున్నట్టు, "బాగుందండీ" అని పోయేవాళ్ళు.

ఒకరోజు విసుగు పుట్టి మా హెడ్ గుమస్తా తుమ్ము గురించి రాశాను. ఆయన తుమ్మే ముందు ఫైళ్ళన్నీ పక్కకు జరిపి, కళ్ళద్దాలు తీసి, రుమాలు పరిచి, తీరా తుమ్ము రాకపోతే అన్నీ ఒక్కొక్కటే యథాస్థానానికి చేర్చే వైనం. జనం విరగబడి చదివారు. మబ్బు ఎవరికీ అక్కర్లేదని, పక్కవాడి తుమ్మే కావాలని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నా చేతికి చిక్కనివాళ్ళు లేరు. పై ఇంటావిడ, పాలవాడు, మా ఆవిడ పుట్టింటివాళ్ళు, ఆసుపత్రి మంచం మీద ఉన్న మా పాత మేష్టారు. ఎవరి పేరూ రాసేవాణ్ణి కాదు. అందుకే నా చేతులకు మట్టి అంటలేదనుకున్నాను. కోడిని కోసేవాడు కూడా దాని పేరు అడగడు.

అక్క వంతు మూడో ఏట వచ్చింది.

మా అక్క వడమాలపేటలో నాయనతో ఉండేది. మొగుడు వదిలేసి పోయినప్పటి నుంచి మెషీను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. చదువు రెండో తరగతితో ఆగింది. కానీ చావింట్లో ఏడవడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళు చేసిన మేలూ, పడిన కష్టమూ రాగం తీసి, మాటలు కట్టి, శోకం పెడతారు. అక్క వచ్చి శవం పక్కన కూర్చుందంటే మిగతావాళ్ళు గొంతు తగ్గించుకునేవాళ్ళు. ఆమె ఏడిస్తేనే పోయినవాడికి మర్యాద జరిగినట్టు. "నేను పోయినప్పుడు నా బిడ్డ ఏడిస్తే సాలు, ఇంకేమీ సెయ్యొద్దు" అనేవాడు నాయన, కనిపించినవాళ్ళందరితో.

గూడూరులో మా మేనమామ పోయాడు. నిమ్మకాయల మండీలో మూటలు మోసి బతికిన మనిషి. "నువ్వు పంపిన కాయలు ఊరేసినానే మామా, జాడీ మూత ఇంకా తీయకపోతినే మామా" అని అక్క మొదలుపెట్టి అరగంట ఏడ్చింది. మధ్యలో పక్కింట్లో చంటిబిడ్డ కోసం పెట్టిన పాలు మాడుతున్న వాసన వచ్చింది. "పాలు దించండే" అని మామూలు గొంతుతో ఒక కేక వేసి, వదిలిన చోటనే మళ్ళీ రాగం అందుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మామ పోయిన దుఃఖం నాకూ ఉంది. అయినా ఆ పాల దగ్గర నా లోపల ఒకడు గుటక వేశాడు.

సోమవారం మధ్యాహ్నానికి రాసేశాను. పాటల పోటీలో జడ్జీలాగా మార్కులు వేశాను. రాగానికి పదికి తొమ్మిది, తాళానికి ఏడు, ఊరగాయకు పదికి పది, పాలు మాడినందుకు రెండు కోత. ఎనిమిదేళ్ళలో జనం అంతగా చదివింది ఇంకోటి లేదు. ముఖం తెలియనివాళ్ళు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి "కడుపు చెక్కలైంది సార్" అని రాశారు. "మా ఇంట్లో ఎవరైనా పోతే మీ అక్కను పంపండి" అన్నాడు ఒకాయన. "ముందే చెప్పి పోవాలి, ఆమెకు ఖాళీ ఉండదు" అని నేను జవాబు కూడా పెట్టాను.

కొన్ని నెలల తర్వాత జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె అక్కను చూసి నవ్వు ఆపుకోలేకపోయిందట. ఎందుకని అడిగితే ఫోన్ తీసి చూపించింది. ఊరు రాశాను, మెషీను రాశాను, నిమ్మకాయ జాడీ రాశాను. ఇంక పేరు దేనికి? అక్క ఆ పిల్లను కూర్చోబెట్టి మొత్తం చదివించుకుంది. రెండుసార్లు.

ఆ ఆదివారమే బస్సెక్కి తిరుపతికి వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగాక అడిగింది.

"ఏమబ్బా, నా ఏడుపు నీకంత నవ్వులాటయిందా?"

ఆమె వస్తోందని తెలిసినప్పుడే జవాబు సిద్ధం చేసుకున్నాను. "గంగమ్మ జాతరలో వేషం కట్టినోళ్ళు అందరినీ బూతులు తిట్టరా అక్కా? ఎవరన్నా రోషపడతారా? ఇదీ అట్లాంటిదే."

"వేషం కట్టినోడు మొగం ముందర నిలబడి తిడతాడు. జాతర అయినంక కడుక్కుంటాడు. నువ్వు యాడో కూర్సోని తిడితివి. అది ఇంకా ఆడనే ఉండాదంట గదా."

నేను లేచి ఫ్యాను పెంచాను.

"సరే, నవ్వుకో. మామ గురించి ఇంకో మాట గూడా సెప్పి ఏడిస్తిని. నా మొగుడు ఇడిసిపెట్టి పోయిన ఏడాది ఎవురూ నా గడప తొక్కలేదు, మామ ఒక్కడే గూడూరు నుంచి వారం వారం వచ్చి నా పక్కన కూర్సోని అన్నం తిని పోయినాడని. అది యాడ పెడితివి?"

ఆ మాట నాకు బాగా గుర్తుంది. దాన్ని టైపు చేసి మరీ కొట్టేశాను. "అది పెడితే నవ్వు రాదక్కా" అన్నాను. నిజమే చెప్పాను. నేను చెప్పిన నిజాల్లో అంత నీచమైనది ఇంకోటి లేదు. అక్క తన గ్లాసు తనే కడిగి బోర్లించి బస్టాండుకు వెళ్ళిపోయింది. రాసింది తీసేయమని అడగలేదు. అడగలేదు కదా అని నేనూ తీయలేదు.

ఆ తర్వాత నేను వడమాలపేట పోతే మూడే మాటలు. వచ్చినావా, తిను, బస్సు టైమైంది. సిగ్గులేకుండా ఆ మూడు మాటల మీద కూడా ఒకటి రాశాను.

పోయినేడాది నాయన పోయాడు. నేను చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. అక్క నాయన తల దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, గొంతు మాత్రం లేవలేదు. ఆమె ఎత్తుకుంటే అందుకుందామని ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. గంట గడిచింది. నాయన కోరిక ఏమిటో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఎదురింటి అవ్వ అక్క వీపు నిమిరింది.

"ఏడువమ్మా. మీ నాయన ఎదురు సూస్తా ఉండాడు. నాలుగు మాటలు సెప్పి ఏడువు."

"ఎట్లేడ్సేది అవ్వా? వాడు ఈడనే ఉండాడు" అంది అక్క.

గొంతు తగ్గించలేదు, నా వైపు చూడనూ లేదు. అందరూ విన్నారు. నాకు సిగ్గు వచ్చింది, ఏడుపు వచ్చింది. ఇంకోటి కూడా వచ్చింది, దాచను. భలే మాట అందే, దీన్ని ఎక్కడ పెడితే పండుతుంది అనిపించింది. నాయన శవం ముందు. చూడండి, ఇప్పుడు పెట్టనే పెట్టాను.

దండలు తేవడానికి ఎవరో పుత్తూరుకు బయలుదేరుతుంటే బండి తాళం లాక్కుని నేనే పోయాను. కొడుకు శవాన్ని వదిలి పోకూడదని పెద్దవాళ్ళు అరుస్తున్నా వినలేదు. పుత్తూరులో దండలు కట్టి సిద్ధంగానే ఉన్నాయి. ఇంకో నాలుగు కట్టమని చెప్పి, పూలకొట్టు ముందు ఊరికే కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి ఆడవాళ్ళ ముఖాలన్నీ ఉబ్బి ఉన్నాయి. డప్పు పలకలు కొట్టేవాళ్ళు వాటిని కింద పెట్టి కళ్ళు తుడుచుకుంటున్నారు. అక్క గొంతు బొంగురుపోయింది. నన్ను చూసి కొంగు మళ్ళీ నోట్లో పెట్టుకుంది. నేను నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాను.

నాయన చివరి ఇరవై ఏళ్ళు నాకు తెలియవు. పండక్కీ పబ్బానికీ పోయి చూసి వచ్చిన మనిషిని నేను. దగ్గరుండి చూసింది అక్క. అదంతా ఆ గంటలో ఊరికి చెప్పింది. కర్మాంతరాల రోజు ఇద్దరు ఆడవాళ్ళు దాని గురించే మాట్లాడుకుంటూ, నేను రాగానే చింతపండు ధర ఎత్తుకున్నారు. ఆ గంటా అక్కడే ఉన్న మా ఆవిడను అడిగాను. "నాకు గుర్తులేదు" అంది. పెళ్ళిచూపుల నాడు నేను అన్న మాటలు కూడా గుర్తుంచుకున్న మనిషి ఆమె. చివరికి ఎదురింటి అవ్వ దగ్గరికి పోయాను.

"అక్క ఏమని ఏడ్సిందవ్వా?"

"బాగా ఏడ్సిందబ్బా. మీ నాయన సల్లగా పోయినాడు. నీ గురించి గూడా ఒక మాట సెప్పింది."

"ఏమని?"

అవ్వ నా చొక్కా జేబులో ఉన్న ఫోన్ వైపు చూసింది.

"ఆకులేస్తా ఉండారు" అంది. "పోబ్బా, పోయి అన్నం తిను."